యాంటీవైరస్ ఎవరి మాట నమ్మాలి?

1986లో ఐబీఎం పీసీల ఫ్లాపీలకు పట్టిన బ్రెయిన్ అనే వైరస్‌కు ఒక ప్రత్యేకత ఉంది. పాకిస్తాన్‌లోని లాహోర్‌కు చెందిన ఇద్దరు సోదరులు రాసిన ఆ ప్రోగ్రాము ఫ్లాపీ మొదటి సెక్టార్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు చదివే చోట చేరేది. అక్కడ ఉండాల్సిన అసలు కోడ్‌ను ఫ్లాపీలోనే మరో చోట దాచి, మరే ఫైలూ అక్కడికి రాకుండా ఆ భాగం పాడైపోయిందని గుర్తు పెట్టేది. ఎవరైనా అనుమానం వచ్చి మొదటి సెక్టార్‌ను చదవబోతే ఆ అభ్యర్థనను దారిలోనే పట్టుకుని, దాచిపెట్టిన అసలు కోడ్‌ను తెచ్చి చూపించేది. చూసినవారికి ఫ్లాపీ శుభ్రంగానే ఉన్నట్టు కనిపించేది.

పీసీల్లో వ్యాపించిన తొలి వైరసే అబద్ధమాడటం నేర్చుకుని పుట్టిందన్నమాట. నలభై ఏళ్లుగా యాంటీవైరస్‌ను వేధిస్తున్న అసలు చిక్కు కూడా ఇదే. వైరస్‌ల సంఖ్య, కొత్త రకాలు, వాటిని పోల్చుకునే గుర్తుల జాబితా అన్నీ దీని తర్వాతే.

ఎందుకో చూద్దాం. యాంటీవైరస్ కూడా ఒక ప్రోగ్రామే. మామూలుగా అది డిస్క్‌ను నేరుగా ముట్టుకోదు. ఫలానా ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయని, కంప్యూటర్‌ను నడిపించే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. వచ్చిన జాబితా పట్టుకుని ఒక్కో ఫైలునూ తెరిచి ఇమ్మంటుంది. చేతికొచ్చిన బైట్లను తన దగ్గరున్న గుర్తులతో పోల్చి చూస్తుంది. మెమరీలో ప్రస్తుతం ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో కూడా సిస్టమ్‌నే అడిగి తెలుసుకుంటుంది. తనిఖీ అంతా ఆపరేటింగ్ సిస్టమ్ నోటిమాట మీదే ఆధారపడి ఉంటుంది. సహకార సంఘం గోదాములో సరుకు తగ్గిందని ఫిర్యాదు వస్తే, తనిఖీకి వెళ్లిన ఆడిటరు గోదాము తలుపు తీయకుండా గుమాస్తా చదివి వినిపించిన స్టాకు రిజిస్టరు మీద సంతకం పెట్టి వచ్చినట్టే ఉంటుంది ఇది. గుమాస్తా నిజాయితీపరుడైనన్నాళ్లూ ఇబ్బంది లేదు. కానీ ఆడిటరును పంపేదే గుమాస్తా మీద అనుమానం వచ్చినప్పుడు.

అందువల్ల యాంటీవైరస్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు స్వతంత్రంగా ఉండాలంటే పెద్దగా ఎవరూ కాదనరు. స్వతంత్రం అంటే ఏమిటన్న దగ్గరే భద్రతా పరిశ్రమ చాలాకాలం దారి తప్పిందని నా అభిప్రాయం. సిస్టమ్ లోపలికి ఎంత లోతుగా దిగితే అంత స్వతంత్రం వస్తుందని అది నమ్మింది. లోతుకు దిగేకొద్దీ జరిగింది వేరు. యాంటీవైరస్, సిస్టమ్ రెండూ ఒకదానికొకటి మరింత బిగుసుకుపోయాయి. ఒకటి కూలితే రెండోదీ కూలే స్థితి వచ్చింది. 2024 జూలై 19న ప్రపంచం చూసింది ఆ స్థితినే. ఆ రోజు దగ్గరికి వెళ్లే ముందు, స్వతంత్రమైన తనిఖీ ఎలా ఉంటుందో పాత రోజుల నుంచే చూడటం మేలు.

విండోస్‌కు ముందున్న ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ కాలంలో మందు సులువుగా ఉండేది. యాంటీవైరస్ వాడేవారికి మొదట నేర్పే పాఠం ఏమిటంటే, కంప్యూటర్‌ను పూర్తిగా ఆపు, శుభ్రమైనదని తెలిసిన ఫ్లాపీతో మళ్లీ ఆన్ చెయ్యి, ఆ తర్వాతే స్కాన్ చెయ్యి. ఆ ఫ్లాపీ పక్కనున్న గాటు మీద ముందే స్టిక్కరు అంటించి ఉంచేవారు. అలా చేస్తే డ్రైవ్ దాని మీద రాయలేదు, కాబట్టి వైరస్ అందులోకి పాకలేదు. పూర్తిగా ఆపమనడానికీ కారణం ఉంది. 1990లో మన దేశంలో బయటపడిన జోషీ వైరస్, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కి రీస్టార్ట్ చేసినా మెమరీలోంచి పోయేది కాదు. ఏటా జనవరి 5న జోషీకి పుట్టినరోజు శుభాకాంక్షలు టైపు చేయమని అడిగే ఆ వైరస్‌ను వదిలించాలంటే కరెంటు తీసి మళ్లీ ఇవ్వాల్సిందే.

ఈ పద్ధతి వెనక ఉన్న సూత్రం ఈనాటికీ మారలేదు. వైరస్ నడుస్తున్నప్పుడే అబద్ధమాడగలదు. నడవనప్పుడు అది డిస్క్ మీద పడి ఉన్న కొన్ని బైట్లు మాత్రమే, తనను తాను దాచుకునే శక్తి దానికి లేదు. కాబట్టి అనుమానమున్న సిస్టమ్‌ను నిద్రపుచ్చి, వేరే సిస్టమ్ మేల్కొని దాని డిస్క్‌ను చూడాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి కంప్యూటర్ బజార్లలో రిపేరు చేసేవారు హార్డ్ డిస్క్ విప్పి, తమ సొంత కంప్యూటర్‌కు రెండో డిస్క్‌గా తగిలించి స్కాన్ చేసేది ఇందుకే. ఎవరూ వారికి సిద్ధాంతం చెప్పి ఉండకపోవచ్చు, పద్ధతి మాత్రం నిక్కచ్చి అయినది.

విండోస్ వచ్చాక, ఇంటర్నెట్ వచ్చాక ఈ పద్ధతి ఒక్కటే సరిపోలేదు. ఫ్లాపీ చేతులు మారితే తప్ప వైరస్ రాని రోజులు పోయి, మెయిల్ తెరిస్తే, వెబ్ పేజీ చూస్తే చాలు వచ్చే రోజులొచ్చాయి. వారానికోసారి ఆపి వెతకడం కాక, ఫైలు తెరుచుకునే క్షణంలోనే దాన్ని ఆపాల్సి వచ్చింది. అలా ఆపాలంటే ఫైలు తెరిచే దారిలో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే నిలబడాలి. బయట ఉన్నవారికి అది సాధ్యం కాదు.

ఇక్కడ యాంటీవైరస్ చేసే పనులు రెండని గమనించాలి. ఒకటి కాపలా, రెండోది తనిఖీ. కాపలాదారు లోపలే ఉండాలి. తనిఖీ చేసేవాడు బయటి నుంచి రావాలి. ఒకే డబ్బాలో, ఒకే పేరుతో, ఒకే బటన్ కింద రెండు పనులూ కలిపి అమ్మడంతో ఈ తేడా జనం మనసుల్లోంచి చెరిగిపోయింది. ‘ఫుల్ స్కాన్’ నొక్కి, ముప్పేమీ లేదని పచ్చటి గుర్తు చూసి నిశ్చింతగా ఉన్నవారు తనిఖీ జరిగిందనుకున్నారు. నిజానికి జరిగింది, లోపలి కాపలాదారు మరోసారి సిస్టమ్‌ను అడిగి తెలుసుకోవడమే.

ఆ నిశ్చింత ఎంత ఉత్తదో 2005లో తేలింది. సోనీ బీఎంజీ సంస్థ కొన్ని సంగీతం సీడీల్లో కాపీలను అడ్డుకునే ప్రోగ్రాము పెట్టి అమ్మింది. సీడీని విండోస్ కంప్యూటర్‌లో పెడితే ఆ ప్రోగ్రాము దిగి, సిస్టమ్ కీలక భాగంలో మార్పులు చేసేది. రెండు డాలరు గుర్తుల మధ్య ‘సిస్’ అనే అక్షరాలతో పేరు మొదలయ్యే ఏ ఫైలూ, ఏ ఫోల్డరూ, నడుస్తున్న ఏ ప్రోగ్రామూ ఇక ఎవరికీ కనిపించేది కాదు. విండోస్‌కు ఆ చూపే పోయింది. దాంతోపాటు విండోస్ కళ్లతో చూసే యాంటీవైరస్‌లకూ పోయింది. నెలల తరబడి ఆ సీడీలు అమ్ముడవుతున్నా ఒక్క పెద్ద యాంటీవైరస్ కంపెనీ కూడా హెచ్చరించలేదు.

2005 అక్టోబర్ 31న మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు దాన్ని బయటపెట్టారు. ఆయన వాడిన రూట్‌కిట్ రివీలర్ అనే చిన్న పనిముట్టు చేసేది ఒక్కటే. ఫైళ్ల జాబితాను మామూలుగా విండోస్‌ను అడిగి తీసుకుంటుంది. తర్వాత డిస్క్ మీది ముడి బైట్లను తానే చదివి, ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని తానే విప్పుకుని మరో జాబితా తయారుచేసుకుంటుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తుంది. రెండో జాబితాలో ఉండి మొదటిదాంట్లో లేనిది ఎవరో కావాలని దాచినది. ఫలానా వైరస్ గుర్తులు తెలియాల్సిన అవసరం లేదు, అబద్ధం చెప్పడమే ఆధారమవుతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం అప్పటికే ఇదే ఆలోచనను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. నడుస్తున్న సిస్టమ్ నుంచి ఒక జాబితా తీసుకుని, కంప్యూటర్‌ను సీడీతో బూట్ చేసి మరో జాబితా తీసుకుని పోల్చింది. ఈ రెండో చూపును మోసం చేయడం మొదటిదానికంటే ఎంతో కష్టం.

సోనీ ఉదంతంలో మరో భాగం కూడా గుర్తుంచుకోదగ్గది. విషయం బయటికొచ్చిన కొద్ది రోజులకే దుండగులు తమ ట్రోజన్‌లకు (మంచివాటిలా నటించి చొరబడే ప్రోగ్రాములకు) ఆ అక్షరాలతోనే పేర్లు పెట్టారు. దాచే ఏర్పాటు ఒకరు చేసి పెట్టారు, వాడుకోవడానికి పేరు మార్చుకుంటే చాలింది.

నడుస్తున్న ప్రోగ్రామును దాచడం ఇంకా తేలిక. విండోస్‌లో అన్నిటినీ నడిపే కేంద్ర భాగమైన కెర్నల్ తన దగ్గర నడుస్తున్న ప్రోగ్రాములను ఒక గొలుసుగా కట్టి ఉంచుతుంది. ప్రతి కొక్కెం ముందుదాన్నీ వెనకదాన్నీ చూపుతుంది. కెర్నల్‌లోకి చొరబడ్డ ఒక రూట్‌కిట్, అంటే సిస్టమ్‌లో దాక్కునే దొంగ ప్రోగ్రాము, తన కొక్కేన్ని ఊడదీసి, అటూ ఇటూ ఉన్న రెండిటినీ కలిపేస్తుంది. టాస్క్ మేనేజర్ ఆ గొలుసు వెంటే నడుస్తుంది కాబట్టి దానికి ఏమీ కనిపించదు. ప్రాసెసర్ మాత్రం సమయాన్ని పంచిపెట్టేది ఈ గొలుసు చూసి కాదు, చేయాల్సిన పనుల వేరే జాబితాల ప్రకారం. అందుకని జాబితాలో పేరు లేకపోయినా పని హాయిగా సాగిపోతుంది.

వీటన్నిటికీ యాంటీవైరస్ కంపెనీలు వెతుక్కున్న జవాబు కెర్నల్. శత్రువు కెర్నల్‌లో దాక్కుంటే మేమూ అక్కడికే వెళ్తామన్నాయి. ఆ రోజుల్లో విండోస్ కెర్నల్‌లోని పట్టికలను తిరగరాసి, ప్రతి అభ్యర్థనా ముందు తమ కోడ్ గుండా పోయేలా మళ్లించుకునేవి. రూట్‌కిట్‌లు చేసేదీ అచ్చంగా ఇదే పని. 64-బిట్ విండోస్‌తో మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌గార్డ్ అనే అడ్డుకట్ట వేసి, కెర్నల్‌ను ఎవరు మార్చినా మెషీన్‌ను ఆపేస్తామంది. యాంటీవైరస్ కంపెనీలు సిమాంటెక్, మెకాఫీ భగ్గుమన్నాయి. 2006 అక్టోబర్‌లో మెకాఫీ ఫైనాన్షియల్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చి మరీ పోట్లాడింది.

ఈ గొడవలో రెండు పక్షాల వాదనలోనూ బలం ఉంది. కెర్నల్ అందరూ గెలికే చోటు కాకూడదన్న మైక్రోసాఫ్ట్ మాట సాంకేతికంగా సరైనది. కానీ అదే సమయంలో అది సొంతంగా భద్రతా ఉత్పత్తులు అమ్మడం మొదలుపెట్టింది. పోటీదారులను బయట నిలబెట్టి తాను లోపల ఉండే వీలు దానికుంది. 2009లో యూరోపియన్ కమిషన్‌కు ఇచ్చిన హామీలో, తన భద్రతా ఉత్పత్తులు వాడుకునే విండోస్ సదుపాయాలను ఇతర కంపెనీలకూ ఇస్తానని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. అలా కెర్నల్ తలుపు తెరిచే ఉంది.

ఆ తలుపు గుండా వచ్చిన ప్రమాదమే 2024 జూలై 19 నాటిది. భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ తన ఫాల్కన్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అది కొత్త ప్రోగ్రాము కూడా కాదు, కొత్త దాడులను ఎలా గుర్తించాలో చెప్పే సమాచారం మాత్రమే. ఆ సమాచారం 21 విలువలను ఆశించింది, దాన్ని చదివే కోడ్ 20 మాత్రమే అందించింది. లేని ఇరవై ఒకటో విలువ కోసం కోడ్ తనది కాని మెమరీని చదవబోయింది. మామూలు ప్రోగ్రాములో ఇలాంటి తప్పు జరిగితే ఆ ప్రోగ్రాము ఒక్కటే మూతపడుతుంది. కెర్నల్‌లో జరిగితే సిస్టమ్ మొత్తం ఆగిపోవాలి, వేరే దారి లేదు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర చూపించి కూలాయి. ప్రపంచంలోని విండోస్ మెషీన్లలో అవి ఒక్క శాతం కూడా కావు. కానీ అవి విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఉన్నవి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి ఆ రోజు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది.

క్రౌడ్‌స్ట్రైక్ తన తప్పును 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. అయినా రోజుల తరబడి కష్టం తీరలేదు. కెర్నల్‌లో నడిచే ఫాల్కన్ భాగం, అంటే దాని డ్రైవర్, విండోస్ మేల్కొనే తొలి దశలోనే లేచేలా ఏర్పాటై ఉంది, వైరస్ కంటే ముందు కాపలాదారు లేవాలి కదా. అందుకే మెషీన్ నెట్‌వర్క్‌కు కలిసి సరిదిద్దిన ఫైలు తెచ్చుకునేలోపే మళ్లీ కూలిపోయేది. ఒక్కో కంప్యూటర్ ముందు ఒక మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తుడిచేయాల్సి వచ్చింది. డిస్క్‌కు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం ఉంటే ముందుగా 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వర్లు కూడా అప్పటికే కూలి ఉన్నాయి.

ఇది మొదటిసారి కూడా కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి, విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే కీలక ఫైలునే వైరస్‌గా పొరబడి తొలగించింది. కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. అప్పట్లో మెకాఫీ సాంకేతిక విభాగాధిపతిగా ఉన్న జార్జ్ కర్ట్జే 2024లో క్రౌడ్‌స్ట్రైక్ సీఈవో. దీన్ని ఒక వ్యక్తి వైఫల్యంగా కుదిస్తే అసలు కారణం తప్పిపోతుంది. రోజుకు అనేకసార్లు మారే సమాచారాన్ని, కూలితే అన్నిటినీ కూల్చే చోట కూర్చున్న కోడ్‌తో చదివిస్తున్నంత కాలం, ఏ కంపెనీ పేరుతోనైనా ఇది జరుగుతుంది.

లోతుకు దిగడంలో మరో అపాయం ఉంది. యాంటీవైరస్ డ్రైవర్‌కు ఉన్న అధికారాన్ని దొంగ కూడా వాడుకోగలడు. అవాస్ట్ కంపెనీ రూట్‌కిట్‌లను పట్టడానికి రాసిన డ్రైవర్ పాత వెర్షన్‌లో లోపం ఉంది. 2022లో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే అవోస్‌లాకర్ అనే రాన్సమ్‌వేర్ ముఠా ఆ డ్రైవర్‌ను తన వెంట తెచ్చుకుని, బాధితుల మెషీన్లలో దింపి, దాని అధికారంతోనే ఇతర భద్రతా ప్రోగ్రాములను చంపేసింది. డ్రైవర్ మీద నిజమైన కంపెనీ డిజిటల్ సంతకం ఉంది కాబట్టి విండోస్ అడ్డు చెప్పలేదు. అంతకుముందు రాబిన్‌హుడ్ ముఠా గిగాబైట్ కంపెనీ మదర్‌బోర్డు డ్రైవర్‌తో ఇదే పని చేసింది. ఏ యాంటీవైరస్ అయినా ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఒక ప్రోగ్రాముగా నడిచినంత కాలం, ఆ సిస్టమ్ మీద పెత్తనం సంపాదించినవారు దాన్ని ఆపేయగలరు. అది ఎంత మంచిదన్న ప్రశ్న అప్పుడు వర్తించదు.

మరి స్వతంత్రం ఎక్కడ దొరుకుతుంది? ఒక దారి, ఆపరేటింగ్ సిస్టమ్ కింద నిలబడటం. 2003లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన టాల్ గార్ఫింకెల్, మెండెల్ రోజెన్‌బ్లమ్ ఒక ప్రయోగం ప్రకటించారు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో నడిపి, దాడులను కనిపెట్టే ప్రోగ్రామును ఆ మెషీన్ బయట, దాన్ని నడిపే హైపర్‌వైజర్ వైపు ఉంచారు. లోపలి సిస్టమ్ పూర్తిగా శత్రువు చేతికి చిక్కినా, బయటున్న పరిశీలకుడి మీద చేయి వేయలేదు. పరిశీలకుడికి మాత్రం లోపలి మెమరీ మొత్తం కనిపిస్తుంది. గొలుసులోంచి తప్పించుకున్న ప్రోగ్రాము కూడా దొరుకుతుంది, ఎందుకంటే అతను గొలుసును నమ్మాల్సిన పని లేదు.

దీనికి ఒక వెల ఉంది. బయటి నుంచి కనిపించేది ఫైళ్లూ ప్రోగ్రాములూ కాదు, ఒట్టి బైట్ల సముద్రం. అందులో ఏది ప్రోగ్రాముల జాబితా, ఏది తెరిచిన ఫైలు అన్నది పోల్చుకోవాలంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి నిర్మాణం ప్రతి వెర్షన్‌కూ తెలిసి ఉండాలి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ నిర్మాణం మారుతుంది. పూర్తిగా బయట నిలబడితే నిజం చూడొచ్చు గానీ అర్థం చేసుకోవడం కష్టం, లోపల నిలబడితే అర్థం సులువు గానీ నిజమో కాదో తెలియదు. ఈ రంగంలో పనిచేసేవారు ఇరవై ఏళ్లుగా కుస్తీ పడుతున్నది ఈ రెండిటి మధ్య దూరంతోనే.

కింద ఉన్నవాడిదే పైచేయి అన్న సంగతి శత్రువులకూ తెలుసు. పోలండ్‌కు చెందిన పరిశోధకురాలు యోవానా రుట్కోవ్‌స్కా 2006లో బ్లూ పిల్ అనే ప్రయోగం చూపించారు. నడుస్తున్న విండోస్‌ను ఆపకుండానే దాన్ని ఒక వర్చువల్ మెషీన్‌గా మార్చి, దాని కింద తన ప్రోగ్రామును ప్రవేశపెట్టారు. ఆ స్థానాన్ని ఖాళీగా వదిలేస్తే ఎవరైనా ఆక్రమించవచ్చని అది హెచ్చరిక. విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ తన హైపర్‌వైజర్‌ను అక్కడ కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ రహస్యాల్లాంటి వాటిని మామూలు కెర్నల్‌కు కూడా కనిపించని అరలో పెట్టే ఏర్పాటు చేసింది. కెర్నల్‌ను సైతం అనుమానించాలని దాన్ని తయారుచేసిన సంస్థే ఒప్పుకున్నట్టు.

ఫోన్ల విషయానికొస్తే పరిస్థితి పూర్తిగా భిన్నం. ఆండ్రాయిడ్‌లో గానీ ఐఫోన్‌లో గానీ ప్రతి యాప్‌కూ విడి గది ఉంటుంది, ఒకటి మరొకదాని గదిలోకి తొంగిచూడలేదు. మనం దింపుకునే యాంటీవైరస్ కూడా అలాంటి ఒక యాప్ మాత్రమే. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్ల లాంటి తెలిసిన మోసాలను అది పట్టుకోవచ్చు. ఏపీకేను ఇన్‌స్టాల్ చేసి, యాక్సెసిబిలిటీ, ఎస్ఎంఎస్ అనుమతులన్నీ ఇచ్చేశాక జరిగేదాన్ని ఆపే శక్తి దానికి చాలా తక్కువ. ఫోను సిస్టమ్‌లోకే దిగిపోయే పెగాసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్‌నైతే అది చూడనే లేదు.

పెగాసస్ జాడలు పట్టింది ఎలాగో చూడండి. 2021లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ భద్రతా ప్రయోగశాల విడుదల చేసిన పనిముట్టు ఫోనులో నడవదు. ఫోను బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లోకి తీసుకుని అక్కడ పరిశీలిస్తుంది. ఆ ఏడాది అక్టోబర్ 27న జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం పెగాసస్ ఆరోపణలపై సాంకేతిక కమిటీని నియమించినప్పుడూ ఫోన్లను కమిటీకి అప్పగించాల్సి వచ్చింది. 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో ఒక మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) ఉందనీ, అది పెగాససే అని తేల్చలేమనీ 2022 ఆగస్టులో కోర్టు ముందుకొచ్చిన నివేదిక చెప్పింది. బయటి పరిశీలకుడికి కూడా ఫోను తయారీదారు ఎంత చూడనిస్తే అంతే కనిపిస్తుంది. బ్యాకప్‌లో లేనిది దొరకదు. అనుమానమున్న సొంతదారు తన ఫోనును పూర్తిగా తనిఖీ చేయించుకునే అధికారబద్ధమైన దారిని ఆపిల్, గూగుల్ తెరవాలి. భద్రత పేరుతో పరిశీలకులనూ దొంగలనూ ఒకే గాటన కట్టి బయట నిలబెట్టడం న్యాయం కాదు.

ఇదే ఆలోచన మనల్ని మరో రకం స్వతంత్రం దగ్గరికి తీసుకెళ్తుంది. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఇప్పుడు మంచి కాపలాదారు, ఇంట్లో వాడే కంప్యూటర్‌కు అది చాలని నేనూ చెబుతాను. అయితే సిస్టమ్ రాసినవారూ, అందులో లోపాలు వెతికేవారూ ఒకే సంస్థ అయితే ఇద్దరి గుడ్డిమచ్చ ఒకేచోట పడే ప్రమాదం ఉంది. పైగా ప్రతి మెషీన్‌లోనూ డిఫెండర్ ఉంటుందని తెలిసిన దుండగులు ముందుగా దాని మీదే పరీక్షించుకుని మరీ బయటికొస్తారు. 2017లో గూగుల్ పరిశోధకులు ఆ ఇంజిన్‌లోనే ఒక లోపం కనిపెట్టారు. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక ఫైలు మెయిల్‌లో వస్తే చాలు, ఎవరూ తెరవకపోయినా, దాన్ని స్కాన్ చేయడం వల్లనే కంప్యూటర్ చేజారేది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే సరిదిద్దింది, ఆ వేగాన్ని మెచ్చుకోవాలి. కానీ కాపలాదారును తనిఖీ చేసే కన్ను బయటే ఉందని మరవకూడదు.

క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతం తర్వాత, భద్రతా కంపెనీలు కెర్నల్ బయట ఉండి పనిచేసేందుకు వీలైన కొత్త వేదికను మైక్రోసాఫ్ట్ నిర్మిస్తోంది. 2025లో కొన్ని కంపెనీలకు పరీక్షించడానికి ఇస్తున్నట్టు ప్రకటించింది. ఆపిల్ 2019లోనే మ్యాక్‌లో ఆ మార్పు మొదలుపెట్టింది. కాపలాదారు తప్పు చేస్తే కాపలాదారే పడిపోతాడు, ఇల్లు కూలదు. ఇది మంచి మార్పే. అయితే కాపలాదారుకు ఏం కనిపించాలో ఇక పూర్తిగా మైక్రోసాఫ్టే నిర్ణయిస్తుంది. కూలకుండా ఉండటంలో స్వతంత్రం పెరిగి, చూడటంలో తగ్గుతుంది. అందుకే డిఫెండర్ కూడా ఇతరులకిచ్చిన అదే కిటికీలోంచి చూడాలన్న షరతు ఉండాలి. తనకొక ప్రత్యేక తలుపు ఉంచుకుంటే పోటీకీ నష్టం, వాడేవారికీ నష్టం.

బయటి తనిఖీకీ హద్దులున్నాయి. డిస్క్ మీద ఏమీ రాయకుండా మెమరీలోనే బతికే మాల్‌వేర్, కంప్యూటర్ ఆపగానే జాడ లేకుండా పోతుంది. 2018లో ఈసెట్ సంస్థ కనిపెట్టిన లోజాక్స్ మదర్‌బోర్డు మీది చిప్‌లోనే చేరింది. హార్డ్ డిస్క్ మార్చినా, విండోస్ కొత్తగా వేసినా అది పోదు. డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి స్కాన్ చేసేవారికి అది కనిపించదు కూడా. స్వతంత్రమైన చూపు కావాలంటే ప్రతిసారీ ఒక మెట్టు కిందికి దిగాల్సి వస్తోంది, ఆ మెట్టు దగ్గరా ఎవరో ఒకరు ముందే ఉంటున్నారు.

ఇంట్లో కంప్యూటర్ వాడేవారికి మాత్రం డిస్క్ స్థాయి తనిఖీ అందుబాటులోనే ఉంది, ఖర్చు కూడా లేదు. విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఎంపికల్లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. అది మామూలు విండోస్‌ను మూసి, వేరే చిన్న వాతావరణంలో మేల్కొని వెతుకుతుంది, దాదాపు పావుగంట పడుతుంది. అయితే అనుమానమున్న ఆ డిస్క్‌లోంచే ఆ వాతావరణమూ లేస్తుంది కాబట్టి అనుమానం గట్టిదైతే ఇంకో అడుగు వేయాలి. కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్క్ లైనక్స్ మీద నడుస్తుంది, పుణెకు చెందిన క్విక్ హీల్ కూడా ఎమర్జెన్సీ డిస్క్ ఇస్తుంది. ఏదైనా సరే, దాన్ని పెన్ డ్రైవ్ మీదికి ఎక్కించేది మాత్రం అనుమానం లేని మరో కంప్యూటర్‌లోనే. అనుమానమున్న మెషీన్‌ను రీస్టార్ట్‌తో సరిపెట్టక పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. ఇప్పటి విండోస్‌లో మామూలు షట్‌డౌన్ కూడా కెర్నల్‌ను సగం నిద్రలోనే ఉంచుతుంది, కాబట్టి షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ నొక్కాలి. బిట్‌లాకర్ తాళం ఉన్న డిస్క్‌ను బయటి పరిశీలకుడు చదవలేడు. ఆ 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో మెషీన్ బాగున్న ఈ రోజే చూసుకుని, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.